నేను యాయానైన రోజులు

మా ఆవిడ గ్రీకు నేర్చుకుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే ఏలూరులో ఒక టీచరు దగ్గర అని చెబుతుంది. అబద్ధం కాదుగానీ సగమే నిజం. అక్కడ విని వచ్చింది, నేర్చుకున్నది నా మీద. క్షవరం కొత్తగా నేర్చుకునేవాడికి ఎవడో ఒకడు తల అప్పగించాలి కదా. ఆ తల నాది.

కొల్లేటి వైపు నేనొక చేపల చెరువు కౌలుకి చేసేవాణ్ణి. ఆ ఏడాది, కొల్లేరుని ఆక్రమించారని సర్కారు పొక్లెయిన్లు వచ్చి సరస్సులో ఉన్న చెరువుల గట్లు కొట్టేశాయి. మాదీ పోయింది. పోయిన చెరువులో చూడ్డానికి ఏముంటుందో నాకే తెలీదుగానీ, వాన వెలిసిన ఒక పొద్దున మోటారుసైకిలేసుకుని చూడ్డానికి వెళ్ళాను. మిగిలిన గట్టు మీద బంకమట్టికి బండి జారింది. నేను కింద, బండి పైన. కుడి తొడ ఎముక విరిగింది. ఏలూరులో ఆపరేషన్ చేసి, లోపల రాడ్డు వేసి, మూడు నెలల దాకా మంచం దిగకూడదని, కాలు నేలకి ఆనించకూడదని చెప్పి పంపేశారు. తాడేపల్లిగూడెంలో మా అద్దింటి ముందుగదిలో మంచం వేసి నన్ను దాని మీద పడేశారు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో నేనూ, మా ఆవిడా, కిటికీలోంచి వచ్చే ఉల్లిపాయల లారీల మోతా.

ఒకరోజు వంటగదిలో కూర తరుగుతూ, అక్కణ్ణుంచే అడిగింది. ఏలూరులో ఎవరో సైప్రస్ నించి తిరిగొచ్చినావిడ ఉందట. అక్కడి ముసలాళ్ళని చూసుకోవడానికి మనవైపు ఆడవాళ్ళు వెళ్తున్నారట. అక్కడ మాట్లాడేది గ్రీకు గనక ఆవిడ ముందుగా ఆ భాష నేర్పిస్తోందట. "ఏవండీ, నేనూ వెళ్దామనుకుంటున్నానండీ. మీరేమంటారు?" అంది.

"నీ ఇష్టం" అన్నాను.

మా ఇంట్లో ఆ మాటకి అర్థం వేరే చెప్పక్కర్లేదు. తిరుపతి వెళ్దామా అంటే నీ ఇష్టం అన్నాను, మానేసింది. కుట్టుమిషను కొనుక్కోనా అంటే నీ ఇష్టం అన్నాను, మానేసింది. వద్దు అని నోరు పారేసుకోవడం నాకు అలవాటు లేదు. మర్యాదస్తుల ఇళ్ళల్లో మొగుళ్ళు వద్దని అనరు, పెళ్ళాలే అర్థం చేసుకుంటారు. ఈసారి మా ఆవిడకి అర్థం కాలేదు. "సరేనండీ" అని, ఆ సోమవారమే ప్యాసింజరెక్కి ఏలూరు వెళ్ళి చేరిపోయింది.

ఆమె వెళ్ళకూడదు. ఆ మంచం మీద నాకు కావలసింది ఆ ఒక్కటే. దేశంగాని దేశంలో ఎవరి తల్లికో ఒళ్ళు తుడవడానికి నా పెళ్ళాం వెళ్ళడమేమిటని పళ్ళు నూరుకునేవాణ్ణి. అంతకన్నా పెద్ద భయం, వెళ్తే తిరిగి ఎందుకొస్తుందని. ఆ ఎందుకుకి నా దగ్గర జవాబు లేదు. కానీ నీ ఇష్టం అన్నాక మళ్ళీ వద్దనడమంటే అడుక్కోవడమే. ఎదురింటివాళ్ళ దగ్గర నిచ్చెన కూడా అడగని వంశం మాది. ఆమే మానుకోవాలి. మానుకుంటుందిలే అని చూస్తూ పడుకున్నాను.

ఆ టీచరు గణపవరం వైపు మనిషి. చాలా ఏళ్ళు అక్కడ చేసి వచ్చింది. బ్లాకుబోర్డూ పుస్తకాలూ ఏమీ ఉండవట. చెంచా, దిండు, బేసిను, మంచం, ఇవే పాఠాలు. మన తల ఊపుడు కూడా అక్కడ పనికిరాదని, ఎవరైనా అవునూ కాదూ కాకుండా తల ఆడిస్తే గడ్డం పట్టుకుని ఆపేదట. మొదటి క్లాసులోనే, మీలో ఎవరింట్లోనైనా మంచాన పడ్డవాళ్ళున్నారా అని అడిగిందట. మా ఆవిడ ఒక్కతే చెయ్యెత్తింది. అదృష్టవంతురాలివమ్మా అందిట టీచరు. క్లాసంతా మా ఆవిడ వంక కుళ్ళుకుంటూ చూశారట. ఇదంతా పక్కింటావిడకి గోడ మీదుగా చెబుతుంటే నేను విన్నాను. నా కాలు విరగడం ఒకరికి అదృష్టమవుతుందని అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున తడిగుడ్డతో నా మొహం తుడుస్తూ "కాలీమేరా, యాయా" అంది. కాలీమేరా అంటే శుభోదయం. యాయా అంటే మామ్మ. నేనూ, నా మీసాలూ, ఆ వేళ నుంచి మామ్మ అయ్యాం.

ఇదేం వేషం అన్నాను. చెయ్యి చూపించి, గడప వైపు తిప్పి, నోటి మీద వేలు పెట్టుకుంది. టీచరుగారి రూలది. రోగి ఉన్న గదిలో తెలుగు మాట వినపడకూడదు. గడప అవతల వంటగదిలో, వీధిలో, పక్కింటి గోడ దగ్గర ఎంత తెలుగైనా మాట్లాడుకోవచ్చు. గడప దాటి నా గదిలో కాలు పెడితే గ్రీకే. నేను తెలుగులో ఏది అడిగినా వినపడనట్టు నిలబడేది. చెవుడు వచ్చిందనుకునేంత బాగా నిలబడేది.

మొదట మంచినీళ్ళ దగ్గర పట్టుబట్టాను. నీళ్ళు ఇవ్వవే అన్నాను. గ్లాసు చేతిలో పట్టుకుని నవ్వుతూ నిలబడింది. నెరో, అని చెప్పి చూపించింది. చచ్చినా అననన్నాను. గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. కిటికీ నా చెయ్యందే దూరంలో లేదు. వేసవి ఇంకా పూర్తిగా పోలేదు. మధ్యాహ్నం దాకా నాలుక పిడచకట్టుకుపోతూ ఆ గ్లాసు వంక చూశాను. చివరికి "నెరో" అన్నాను. పరిగెత్తుకుని వచ్చి, తల కింద చెయ్యి వేసి లేపి, ఎంత జాగ్రత్తగా పట్టించిందో చెప్పలేను. ఒక్క చుక్క గడ్డం మీదికి జారలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే అనుకోండి. బెడ్‌పాన్‌కి ఏమనాలో కూడా అలాగే నేర్చుకున్నాను. ఆ మాట ఇక్కడ రాయను.

ఆదివారాలు ఇంకా ఘోరం. క్లాసులో ఇంట్లో రోగి లేని మిగతా ఆడవాళ్ళు నలుగురైదుగురు ఏలూరు నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాళ్ళు. వీధిగుమ్మంలో ఉన్నంతసేపూ అందరూ పెద్దింటి కోడళ్ళే. "ఏమనుకోకండి అన్నయ్యగారూ, మీకు శ్రమ ఇస్తున్నామండీ" అని ఒకరు, "నొప్పెడితే చెప్పండేం" అని ఒకరు. గడప దాటారో లేదో ఆ అండీలన్నీ చెప్పులతో పాటు బయట వదిలేసేవాళ్ళు. తిరుగు. నోరు తెరు. చెయ్యెత్తు. ఒకావిడ వీపు కింద తువ్వాలు జొనిపేది, ఒకావిడ భుజం పట్టి దొర్లించేది, ఒకావిడ పళ్ళు తోమేది. వరసలో నిలబడేవాళ్ళు. నేను ఒళ్ళు బిగపడితే "సిగా సిగా" అని వీపు నిమిరేవాళ్ళు. మెల్లగా మెల్లగా అని దానర్థం. మెల్లగానే చేసేవాళ్ళు, అది నిజం. చెకప్‌కి తీసుకెళ్ళినప్పుడు డాక్టరు నా వీపంతా చూసి, ఒక్క పుండు లేదు, ఎవరండీ చూసుకుంటున్నది అని మెచ్చుకున్నాడు. మా ఆవిడ తలొంచుకుని వినయంగా నిలబడింది. నన్ను పుట్టినప్పటి నుంచీ ఎవరూ అంత బాగా చూసుకోలేదు. చెప్పుకోవడానికి కూడా సిగ్గేసే సుఖం అది.

కొన్నాళ్ళకి మా ఆవిడ మాటల్లో కొత్తది ఒకటి చేరింది. అగాపీ మూ. నోరు తెరు, అగాపీ మూ. కాలు కదపకు, అగాపీ మూ. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు ఎక్కడికో మెత్తగా దిగేది. ఆ గొంతు నేను అంతకుముందు విన్నది కాదు. మా పెళ్ళైన కొత్తలో కూడా లేదు. ఏమని అర్థమో తెలీకుండానే ఆ మాట కోసం ఎదురుచూడ్డం మొదలెట్టాను. తుడవడం అయిపోయాక కూడా ఇంకా తడిగా ఉందని వంక పెట్టేవాణ్ణి, ఇంకోసారి అంటుందేమోనని.

ఒక ఆదివారం, ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళింటి అమ్మాయి ఒకతి నా గోళ్ళు తీస్తూ అదే మాట అంది. మిగతావాళ్ళు వంటగదిలో టీ తాగుతున్నారు. గొంతు తగ్గించి, దానర్థమేమిటమ్మా అని తెలుగులో అడిగాను. రూలు తప్పానని అటూ ఇటూ చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. నా ప్రేమా అని అర్థమండీ అంది. నా మొహం ఎలా మారిందో గానీ, గబగబా సర్దిచెప్పింది. "అలా అనుకోకండి అన్నయ్యగారూ. అక్కడ మన అండీ లాంటిదండీ అది. ముసలాళ్ళు మాట వినాలంటే ప్రతిదానికీ తగిలించమన్నారు టీచరుగారు."

ఒళ్ళు మండిపోయింది. మండిపోయిందని అన్నానేగానీ, ఆ సాయంత్రం మా ఆవిడ మళ్ళీ ఆ మాట అనేసరికి చెవులు వాటంతటవే అటు తిరిగాయి. నా చెవుల మీద నాకు అసహ్యం వేసింది.

తర్వాతి వారం టీచరే స్వయంగా దిగింది. బొద్దుగా, పొట్టిగా, చేతికి పెద్ద వాచీతో ఉంది. నన్ను ఒక చుట్టు చుట్టి చూసి, రూలు తనకి లేదన్నట్టు తెలుగులోనే, అన్నీ బాగానే ఉన్నాయిగానీ మీ యాయా మరీ మంచిదమ్మా అంది. నిజం ముసలాళ్ళు ఇలా పడుండరట. ఉమ్ముతారు, గిన్నె తోస్తారు, మొహం మీదే నువ్వు నాకొద్దు పొమ్మంటారు. ఆ మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు నెల తిరక్కుండా విమానమెక్కి వెనక్కి వస్తారు. అందుకని నాకు డైలాగులు నేర్పింది. దెన్ తిన్ థేలో. ఈవిడ నాకొద్దు. నా ఫీయీ. వెళ్ళిపొమ్మనండి. ఎదురుగా నా మంచం పక్కన వరసగా నిలబడ్డ ఆడవాళ్ళకి దాని జవాబూ నేర్పింది. ముసలాళ్ళు అన్నదానికి మీ దగ్గర జవాబు లేకపోతే ఆలోచించొద్దు, "దెన్ పిరాజీ, అగాపీ మూ" అనండి, ఫర్వాలేదు నా ప్రేమా అని దానర్థం, అంటూనే చేతిలో పని కానివ్వండి. ఏ మాటకైనా అదే. చచ్చిపోతానన్నా అదే.

ఆ వేషం నాకు బాగా కుదిరింది. కుదరదా మరి. కడుపులో ఉన్నదంతా కక్కడానికి ఒక భాష దొరికింది. ఉమ్మాను, తోశాను, నాకొద్దు పొమ్మని అరిచాను. ఇద్దరు ముగ్గురు బెదిరి వెనక్కి తగ్గారు. తివాచీలవాళ్ళమ్మాయి కళ్ళు తుడుచుకుంది. మా ఆవిడ మాత్రం రెప్ప వెయ్యలేదు. నేను అరిచిన కొద్దీ గొంతు ఇంకా మెత్తగా చేసుకుని, దెన్ పిరాజీ, అగాపీ మూ అంటూ చెంచా నోట్లో పెట్టేసింది. టీచరు చప్పట్లు కొట్టింది. నీకు ఇది ఎలా వచ్చిందమ్మా, ఎవరి దగ్గర అలవాటైంది అని అడిగింది. మా ఆవిడ నా వంక ఒకసారి చూసి, గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది.

ఆ సాయంత్రమే ఒకటి జరిగింది. గిన్నెలు కడుక్కుని వచ్చి, గడప మీద కూచుంది. కాళ్ళు వంటగది వైపు, మొహం నా వైపు. గదిలోకి రాలేదు గనక తెలుగు చెల్లుతుంది. చాలాసేపు చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "ఏవండీ, నిజంగా వెళ్ళనా?" అంది.

అడిగింది చూడండి. నేను మంచమెక్కిన దగ్గర్నుంచీ కాచుకున్నది దాని కోసమే. నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఆవేళ అంతమంది ఆడవాళ్ళ ముందు నన్ను మామ్మని చేసి, పసివెధవకి తినిపించినట్టు తినిపించి, చప్పట్లు కొట్టించుకుని, ఇప్పుడొచ్చి అడుగుతుందా అనిపించింది. రెండోసారి అడగనీ, అప్పుడు చూద్దామనుకున్నాను. "నీ ఇష్టం అన్నాగా" అన్నాను. ఆమె ఇంకాసేపు కూచుంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి గడప మీద ఎవరూ లేరు.

సైప్రస్ నించి ఫోను శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. టీచరు తన సెల్లు పట్టుకుని ఏలూరు నించి ముందే వచ్చి కూచుంది. ఫోను చేసింది అక్కడి ఒకాయన. తల్లి మంచాన పడింది. అంతకుముందు పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. మా ఆవిడ తన పేరూ ఊరూ చదువూ గ్రీకులో బట్టీపట్టి, పట్టుచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. ఆయనకి అదేం అక్కర్లేదట. ఒక రోగికి అన్నం పెట్టమనండి, నేను వింటాను అన్నాడట. టీచరు సెల్లు లౌడ్‌స్పీకరు చేసి నా దిండు పక్కన పెట్టింది.

నాకు పొద్దుటి నించీ తెలుసు ఏం చెయ్యాలో. ఆ ఫోను అవతలివాడికి ఇది నేర్పించిన ఆట అని తెలీదు. రోగే ఈవిడ నాకొద్దంటే ఎవడు పెట్టుకుంటాడు? వద్దని పెళ్ళానికి చెప్పి చిన్నబోనక్కర్లేదు. మొహం కూడా కనపడని ఒక పరాయివాడికి చెబితే చాలు, పని అయిపోతుంది. ఇంత తేలికైన దారి ఇన్నాళ్ళూ తోచనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మా ఆవిడ రాగిజావ గిన్నెతో గడప దాటింది. అక్కడింకా పొద్దున్నే గనక కాలీమేరా, యాయా అంది. చెంచా దగ్గరికి రాగానే గిన్నెని చేత్తో గట్టిగా తోసేశాను. పట్టుచీర మీద జావ ఒలికింది. "దెన్ తిన్ థేలో" అన్నాను. టీచరు మొహం పాలిపోయింది. ఇంత గట్టిగా తొయ్యడం ఆవిడ నేర్పలేదు. మా ఆవిడ కొంగు చివరతో నా చెయ్యి తుడిచింది, చీర వంక చూసుకోను కూడా లేదు. సిగా సిగా, అగాపీ మూ అని మళ్ళీ చెంచా ముంచింది. నేను ఇంకా గట్టిగా అన్నాను. నాకొద్దు, వెళ్ళిపొమ్మనండి. మూడోసారి అరిచేసరికి నా గొంతు జీరబోయింది. అది నటన కాదని ఆ గదిలో ఉన్న ముగ్గురిలో నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి, జుట్టు వెనక్కి దువ్వి, నేనున్నానని గ్రీకులో చెప్పింది. అదే గొంతు, ఆ మెత్తటి గొంతు. నేను నోరు తెరిచాను. జావ మింగాను.

సెల్లులో ఆయన నవ్వాడు. నవ్వి, చాలాసేపు ఏదో మాట్లాడాడు. టీచరు వింటూ, తల ఊపుతూ, ఫోను పెట్టేశాక మాకు చెప్పింది. వాళ్ళమ్మ కూడా రోజూ పొద్దున్నే ఇవే మాటలంటుందట. కొడుకుని కూడా పొమ్మంటుందట. ముందొచ్చిన ఇద్దరూ ఆ మాటకే ఏడ్చి పారిపోయారట. ఈవిడ చెయ్యి ఆగలేదు, గొంతు మారలేదు, నాకు ఈవిడే కావాలి, కాగితాలు పంపిస్తున్నాను అన్నాడట. టీచరు నా వైపు తిరిగి చేతులు జోడించింది. "మీ వల్లే కుదిరిందండీ అన్నయ్యగారూ. నిజం యాయాలు కూడా ఇంత బాగా చెయ్యలేరు" అంది.

టీచరు వెళ్ళిపోయాక మా ఆవిడ చీర మార్చుకుని వచ్చింది. గడప అవతలే ఆగింది. చేతిలో మళ్ళీ ఆ జావ గిన్నె. నెమ్మదిగా, ఎప్పట్లాగే మర్యాదగా అంది. "వద్దని ఆయనకి చెప్పారండీ. నాకు చెప్పలేదు."

ఇంక దాచుకోవడానికి ఏం మిగిలింది? వంశం, మీసాలు, మర్యాద అన్నీ ఆ మధ్యాహ్నం జావతో పాటు ఒలికిపోయాయి. లేచి కూచోవాలని చూశాను, కాలు లేవనివ్వలేదు. పడుకునే అన్నాను.

"వెళ్ళకే. నాకు నువ్వు కావాలి."

ఆమె విన్నది. నాకు ఇప్పటికీ అనుమానం లేదు, విన్నది. మొహంలో ఏదో కదిలింది కూడా. ఒక అడుగు వేస్తే గదిలోకి, ఒక అడుగు తీస్తే వంటగదిలోకి. అక్కడే నిలబడి జవాబు చెప్పి ఉండొచ్చు, తెలుగుకి అడ్డేమీ లేదు. ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. నా తల కింద దిండు సర్దింది. మెడ దగ్గర తువ్వాలు పరిచింది.

"దెన్ పిరాజీ, అగాపీ మూ" అంది.

ఎంత మెత్తగా అందో. మిగిలిన జావంతా ఒక్కో చెంచా పట్టించి, మూతి తుడిచి, గిన్నె కడగడానికి వెళ్ళింది.